కలిసి ఊగితే కలిసి పనిచేసినట్టేనా?

మెదడులోని విద్యుత్తును నెత్తి మీద నుంచి కొలిచే ఈఈజీ తీయించుకోవడానికి వెళ్లేవాళ్లకు మన ఆస్పత్రుల్లో ముందుగానే ఒక మాట చెప్తారు: తలస్నానం చేసి రండి, నూనె మాత్రం పెట్టుకోకండి. జుట్టులోని నూనె పొర కూడా అడ్డే అన్నమాట. అది లేకున్నా మెదడు చుట్టూ ఉండే ద్రవం, పుర్రె, చర్మం దాటుకుని పైకి వచ్చేసరికి లోపలి విద్యుత్ సంకేతం పది నుంచి వంద మైక్రోవోల్టుల దాకా మిగులుతుంది. గోడగడియారంలో వేసే పెన్సిల్ బ్యాటరీ ఒకటిన్నర వోల్టు. వంద మైక్రోవోల్టులంటే అందులో పదిహేను వేలవ వంతు.

ఆస్పత్రిలో ఈ పరీక్ష ఎక్కువగా ఫిట్స్ కోసం చేస్తారు. గీతల్లో ఎక్కడైనా ముల్లులా లేచిన తరంగం ఉందా అని డాక్టరు వెతుకుతాడు. పరిశోధనశాలలో అడిగే ప్రశ్న వేరు. 32 లేదా 64 ఎలక్ట్రోడ్లున్న టోపీ పెట్టుకుని ఒక మనిషి కూర్చుంటాడు. ఎదురుగా తెర మీద రెండు మూడు సెకన్లకో అక్షరం వస్తుంటుంది. ఇప్పుడు వచ్చిన అక్షరం, దానికి రెండు అక్షరాల ముందు వచ్చినదీ ఒకటే అయితే మీట నొక్కాలి. చెప్పడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, ఆడితే తెలుస్తుంది. పాత అక్షరాలను పట్టుకుని ఉండాలి, కొత్తదాన్ని చూడాలి, రెంటినీ పోల్చాలి, కాలం చెల్లినదాన్ని వదిలేయాలి, ఇదంతా తరువాతి అక్షరం వచ్చేలోపే. మెదడులో ఏదో ఒక మూల కూర్చుని చేసే పని కాదిది. చూసిన సంగతిని తల వెనక భాగాలు అందుకుంటాయి. దాన్ని జారిపోకుండా ఉంచడంలో నుదుటి వెనక ఉండే భాగానికి పెద్ద పాత్ర ఉంది. మరి ఈ రెండూ ఎప్పుడు ముడిపడతాయి? ఎంత గట్టిగా? నెత్తి మీద తీగలు పెట్టి దాన్ని కొలవగలమా?

కొలవగలం. అయితే ఈ రంగం గడిచిన పాతికేళ్ల చరిత్ర చదివితే ఒకటి తెలుస్తుంది. కొత్త సంబంధాలు కనిపెట్టడానికి పడ్డ శ్రమ కంటే, కనిపెట్టామనుకున్న వాటిలోంచి అబద్ధాలను ఏరి పారేయడానికి పడ్డ శ్రమే ఎక్కువ. నాకైతే ఈ రెండో పనిలోనే అసలు విజ్ఞానం ఉందనిపిస్తుంది.

ఇంత బలహీనమైన సంకేతం మీద అంత మోజు ఎందుకంటే, వేగం కోసం. మెదడు బొమ్మల్లో ఎర్రటి మచ్చలు చూపించే ఎఫ్‌ఎంఆర్‌ఐ కొలిచేది రక్తంలోని ఆక్సిజన్ మార్పును. నాడీకణాలు పని మొదలుపెట్టాక ఆ మార్పు శిఖరానికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. అక్షరాన్ని చూసి మీట నొక్కడమంతా ఒక్క సెకనులోపే అయిపోతుంది. ఈఈజీ సెకనుకు ఐదు వందల నుంచి వెయ్యి సార్లు కొలత తీస్తుంది. ఎక్కడ జరిగిందో సరిగా చెప్పలేదు కానీ ఎప్పుడు జరిగిందో మిల్లీసెకన్లలో చెప్తుంది.

మనిషి తల మీద ఈ విద్యుత్తును మొదట కొలిచినవాడు జర్మనీలోని యేనా నగరంలో మానసిక వైద్యుడిగా పనిచేసిన హాన్స్ బెర్గర్. 1924లో రికార్డు చేశాడు, ఐదేళ్లు తన కొలతలను తానే నమ్మలేక పరీక్షించుకుంటూ కూర్చుని 1929లో ప్రచురించాడు. కొడుకు క్లాస్ తల మీదే చాలా ప్రయోగాలు చేశాడు. కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే సెకనుకు పదిసార్లు ఊగే ఒక తరంగం కనిపించేది. కళ్లు తెరిచినా, మనసులో లెక్క చేయమన్నా అది అణిగిపోయేది. దానికి ఆల్ఫా అని పేరు పెట్టాడు. తోటివాళ్లు నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అదే తరంగాన్ని మళ్లీ చూపించాకే లోకం ఒప్పుకుంది. బెర్గర్ ఈ దారి పట్టడానికి మూలకారణం ఒక మనసు నుంచి ఇంకో మనసుకు ఆలోచన ప్రయాణిస్తుందన్న నమ్మకం కావడం ఈ కథలో తమాషా. వెతికింది దొరకలేదు, దొరికినదాని విలువ మాత్రం తక్కువ కాదు.

ఒక్క నాడీకణం చేసే అలజడి నెత్తిదాకా రాదు. మెదడు పైపొరలో పక్కపక్కన నిలువుగా నిలబడిన పిరమిడ్ ఆకారపు కణాలు లక్షల సంఖ్యలో ఒకేసారి ఒకే వైపు ఊగితేనే పైన తీగకు తెలుస్తుంది. ఇందుకు కనీసం ఆరు చదరపు సెంటీమీటర్ల పొర కలిసి పనిచేయాలన్నది చాలాకాలంగా ఉన్న అంచనా. ఆ ఊపును సెకనుకు ఎన్నిసార్లన్న లెక్కతో విడగొట్టి పేర్లు పెట్టారు. నాలుగు లోపు డెల్టా, నాలుగు నుంచి ఎనిమిది తీటా, పదమూడు దాకా ఆల్ఫా, ముప్పై దాకా బీటా, ఆ పైన గామా. సరిహద్దులు ఒక్కో ల్యాబులో ఒక్కోలా ఉంటాయి, వాటి గురించి కొట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు ‘సంబంధం’ అంటే ఏమిటో తేల్చుకోవాలి. మెదడులో రెండు చోట్లను కలిపే నరాల పోగులు ఉన్నాయా అన్నది ఒక సంగతి. ఈఈజీకి అవి కనిపించవు. రెండు చోట్లా తరంగాలు ఒకదానితో ఒకటి పొందికగా నడుస్తున్నాయా అన్నది ఇంకో సంగతి. ఈఈజీ నేరుగా కొలిచేది దీన్నే. ఒకటి రెండోదాన్ని నడిపిస్తోందా అన్నది మూడోది, అన్నిటికంటే కష్టమైనది. వార్తల్లో ‘మెదడులో ఫలానా భాగాలు మాట్లాడుకుంటున్నాయి’ అని రాసినప్పుడు సాధారణంగా రెండో కొలతను మూడో అర్థంలో వాడేస్తుంటారు.

పొందికను కొలిచే పాత పద్ధతి కోహెరెన్స్. ఒక పౌనఃపున్యం దగ్గర రెండు సంకేతాలు ఎంత కలిసి నడుస్తున్నాయో సున్నా నుంచి ఒకటి మధ్య అంకెలో చెప్తుంది. 1999లో పారిస్‌లో ఫ్రాన్సిస్కో వరేలా బృందంలోని ఝాన్ ఫిలిప్ లషో, సహచరులు ఇంకో కొలత ప్రతిపాదించారు. తరంగం ఎంత ఎత్తు లేచిందో వదిలేసి, శిఖరం ఎప్పుడు వచ్చిందన్నదే చూస్తారు. అక్షరం వచ్చిన ప్రతిసారీ నుదుటి తరంగం శిఖరానికీ, తల వెనక తరంగం శిఖరానికీ మధ్య ఎడం ఒకేలా ఉంటే విలువ ఒకటి. ఒక్కోసారి ఒక్కోలా ఉంటే సున్నా వైపు పడిపోతుంది.

కానీ సున్నా దాకా పడదు, మొదటి చిక్కు అక్కడే ఉంది. ఏ సంబంధమూ లేని రెండు తరంగాలను వందసార్లు పోలిస్తే ఈ విలువ సగటున 0.09 దగ్గర ఆగుతుంది. పదిసార్లే పోలిస్తే 0.28 వస్తుంది. అంటే ప్రయోగంలో మనిషి తొంభైసార్లు సరైన జవాబు, పదిసార్లు తప్పు జవాబు చెప్పాడనుకోండి. ఉన్నదున్నట్టు లెక్కేస్తే తప్పు చేసినప్పుడే మెదడు భాగాలు ఎక్కువ ఏకమయ్యాయని తేలుతుంది! కంప్యూటర్ తప్పేమీ చేయలేదు. రెండు వైపులా లెక్క సమంగా ఉంచాలని తెలియనివాళ్లు దాన్నే పరిశోధనగా రాసేయగలరు.

అంతకంటే పెద్ద చిక్కు పుర్రె. విద్యుత్తు మెదడులోంచి తిన్నగా పైకి వచ్చి ఒక్క ఎలక్ట్రోడ్‌కే తగిలి ఊరుకోదు. పుర్రెను దాటేటప్పుడు అన్ని వైపులకూ పరుచుకుంటుంది. లోపల ఒక్కచోట పుట్టిన తరంగం పైన పది ఎలక్ట్రోడ్లలో కనిపిస్తుంది. శ్రీరామనవమి పందిట్లో ఒకే మైకు, ఊళ్లో నాలుగు వీధుల్లో నాలుగు లౌడ్‌స్పీకర్లు ఉన్నాయనుకోండి. నాలుగు చోట్లా రికార్డు చేసుకొచ్చి పోల్చినవాడికి నాలుగూ అచ్చుగుద్దినట్టు ఒకేలా వినిపిస్తాయి. అంతమాత్రాన ఈ వీధి స్పీకరు ఆ వీధి స్పీకరుతో మాట్లాడుతోందని రాస్తే నవ్వరా? పక్కపక్క ఎలక్ట్రోడ్ల మధ్య కోహెరెన్స్ ఎక్కువగా ఉందని సంబరపడ్డ పాత పరిశోధనల్లో చాలావాటి సంగతి ఇంతే.

ఇది చాలదన్నట్టు రిఫరెన్స్ గొడవ ఒకటి. వోల్టేజీ ఎప్పుడూ రెండు బిందువుల మధ్య తేడా. అందుకని చెవి దగ్గరో, చెవి వెనక ఎముక మీదో, ముక్కు మీదో ఒక ఎలక్ట్రోడ్ పెట్టి, మిగతావన్నీ దానితో పోల్చి చూస్తారు. ఆ ఒక్కటి కాస్త కదిలితే ఆ కదలిక మిగతా అన్నింటిలోనూ ఒకేసారి చేరుతుంది. అన్నీ కలిసి ఊగుతున్నట్టే కనిపిస్తాయి.

2004లో జర్మన్ పరిశోధకుడు గీడో నోల్టె, సహచరులు ఇక్కడ తెలివైన ఉపాయం పట్టారు. పుర్రెలో విద్యుత్తు పరుచుకోవడానికి పట్టే సమయం ఈ కొలతల్లో లెక్కకు రానంత తక్కువ, దాదాపు సున్నా. కాబట్టి ఒకే మూలం నుంచి వచ్చిన ప్రతిధ్వనులన్నీ ఒకే క్షణాన కనిపిస్తాయి. నిజంగా ఒక భాగం ఇంకో భాగానికి సంకేతం పంపితే, నరాల పోగుల్లో ప్రయాణానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. కనుక ఏమాత్రం ఆలస్యం లేని పొందికను పూర్తిగా వదిలేసి, ఆలస్యంతో కూడిన పొందికనే లెక్కలోకి తీసుకోవాలి. 2007లో కోర్నెలిస్ స్టామ్ నోల్టెతో కలిసి ఇదే ఆలోచనతో ఫేజ్ ల్యాగ్ ఇండెక్స్ అనే కొలత తెచ్చారు. ఈ జల్లెడలో వేస్తే, సంబంధాలంటూ ఎలక్ట్రోడ్ల మధ్య దట్టంగా గీసిన గీతల్లో చాలావరకు రాలిపోతాయి.

ఉపాయం మంచిదే, ఖరీదు కూడా ఉంది. మెదడులో రెండు భాగాలు నిజంగానే ఏ ఆలస్యమూ లేకుండా కలిసి ఊగే సందర్భాలున్నాయని జంతువుల మెదడులోకి నేరుగా తీగలు దించి చేసిన ప్రయోగాలు చూపించాయి. ఈ జల్లెడ వాటిని కూడా పారేస్తుంది. అబద్ధం రాకూడదంటే కొంత నిజాన్ని వదులుకోవాలి. నేనైతే ఈ బేరం సరైనదే అంటాను. లేని సంబంధాన్ని ఉందని చెప్పడం కంటే ఉన్నదాన్ని చూడలేకపోవడమే మేలు.

గామా తరంగాల కథ దీనికి మంచి ఉదాహరణ. 1999లోనే వరేలా బృందం నుంచి యూజెనియో రోడ్రిగెజ్, సహచరులు నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. నలుపు తెలుపు మచ్చలతో చేసిన ముఖాల బొమ్మలను చూపిస్తారు. నిటారుగా ఉంటే మచ్చల్లోంచి ఠక్కున ముఖం తేలుతుంది, తలకిందులు చేస్తే ఉత్త మచ్చలే. ముఖం గుర్తుపట్టిన సందర్భంలో, బొమ్మ వచ్చిన పావు సెకను దగ్గర, దూర దూరపు ఎలక్ట్రోడ్ల మధ్య గామా తరంగాలు ఒక్కసారిగా పొందిక చెందాయి. విడివిడి మచ్చలు ఒక్క ముఖంగా కుదురుకునే క్షణాన్ని పట్టుకున్నామన్న ఉత్సాహం ఆ రంగమంతా పాకింది. ఉత్సాహపడటంలో తప్పేమీ లేదు, అంత అందమైన ఫలితం అది.

తరువాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. 2005లో ఇంకో బృందం ఇదే తరహా బొమ్మలతో చేసి, ఫలితం రికార్డింగ్, విశ్లేషణ పద్ధతులను బట్టి మారుతోందని చెప్పింది. 2007లో ఆస్ట్రేలియాలో విటమ్, సహచరులు చేసిన ప్రయోగం వింటే ఒళ్లు జలదరిస్తుంది. మెలకువగా ఉన్న వలంటీర్లకు కండరాలన్నీ చచ్చుబడిపోయే మందు ఇచ్చి, కృత్రిమ శ్వాస మీద ఉంచి ఈఈజీ తీశారు. ఇరవై హెర్ట్జ్‌కు పైన నెత్తి మీద కనిపించే విద్యుత్తులో చాలా భాగం మాయమైంది! అదంతా మెదడు సొమ్ము కాదు, నుదురు, దవడ, మెడ కండరాలది. కష్టమైన లెక్క చేసేటప్పుడు మనం నుదురు ముడుస్తాం, పళ్లు బిగిస్తాం. గామా పెరిగిందని చూపించడానికి అది చాలు. 2008లో ఇజ్రాయెల్‌లో యువల్-గ్రీన్‌బర్గ్, సహచరులు మరో దెబ్బ కొట్టారు. బొమ్మ చూసినప్పుడు కనుగుడ్లు మనకు తెలియకుండానే చిన్న చిన్న గెంతులు వేస్తాయి, ఆ గెంతు వేసే కంటి కండరాల విద్యుత్తు అచ్చం గామా జల్లులా, అచ్చం ఆ పావు సెకను దగ్గరే కనిపిస్తుందని నిరూపించారు. మెదడులో గామా లేదని కాదు దీని అర్థం. పుర్రె తెరిచి శస్త్రచికిత్స చేసే సమయాల్లో నేరుగా కొలిచినప్పుడు కనిపిస్తూనే ఉంది. నెత్తి మీద నుంచి చూశామన్న మాటనే ఇప్పుడు ఎవరూ ఊరికే నమ్మరు. దీనికి తోడు మన కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ మోత సరిగ్గా గామా నడిమధ్యన కూర్చుంటుంది.

ఆ పైన సంఖ్యల మాయ. 64 ఎలక్ట్రోడ్లంటే 2,016 జంటలు. ఒక్కో జంటకూ ఐదు రకాల తరంగాలు చూస్తే 10,080 పోలికలు. నూటికి ఐదు సార్లు పొరపాటు జరగొచ్చన్న మామూలు గణాంక నియమం పెట్టుకుంటే, మెదడులో ఏమీ జరగకపోయినా ఐదొందల పైచిలుకు ‘సంబంధాలు’ వాటంతటవే వచ్చి పడతాయి. రంగురంగుల గీతలతో తల బొమ్మ నింపడానికి అవి పుష్కలం. జాగ్రత్తపరులు ఏం చేస్తారంటే, అసలు రికార్డింగులోని సమయాలను కలగాపులగం చేసి నకిలీ దత్తాంశాలు వేలకొద్దీ తయారుచేస్తారు. నకిలీల్లో కూడా వచ్చే బలం ఉన్న గీతలన్నీ కొట్టేస్తారు. మిగిలినవే చూపిస్తారు.

ఏది దేన్ని నడిపిస్తోందో, ఆ దిక్కు తెలుసుకునే పద్ధతి ఆర్థికశాస్త్రం నుంచి వచ్చింది. 1969లో క్లైవ్ గ్రేంజర్ చెప్పిన సూత్రం ఇది: రెండోదాని రేపటిని ఊహించడానికి దాని గతం ఒక్కటే తెలిసినప్పటి కంటే, మొదటిదాని గతం కూడా తెలిస్తే ఊహ మెరుగవుతుందా? మెరుగైతే మొదటిది రెండోదాన్ని ప్రభావితం చేస్తోందనుకోవచ్చు. 2003లో నోబెల్ బహుమతి అందుకున్న ఈ ఆర్థికవేత్త సూత్రాన్ని ఇప్పుడు మెదడు తరంగాలకు విరివిగా వాడుతున్నారు. కొలవని మూడోది ఏదో రెంటినీ నడిపిస్తుంటే మాత్రం ఇదీ మోసపోతుంది. ఎలక్ట్రోడ్లు వదిలేసి లోపలి మూలాలనే లెక్కగట్టుదామంటే, నెత్తి మీది ఒక్క కొలతకు లోపల లెక్కలేనన్ని సమాధానాలు సరిపోతాయని 1853లోనే శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చూపించి పెట్టాడు. ఎంఆర్‌ఐ బొమ్మ, కొన్ని ఊహలు కలుపుకుని ఒకదాన్ని ఎంచుకోవాలి, వేరే దారి లేదు.

ఇన్ని జల్లెళ్లు పట్టాక ఏమైనా మిగిలిందా? మిగిలింది, ముఖ్యంగా నెమ్మదైన తరంగాల్లో. కండరాల అలజడి తీటా దగ్గర బాగా తక్కువ. 1998లో యోహానెస్ సార్న్‌థైన్, సహచరులు అక్షరాల వరసనో, గీతల బొమ్మనో చూపించి దాన్ని కొన్ని సెకన్లు మనసులో ఉంచుకోమన్నారు. ఉంచుకున్న ఆ వ్యవధిలో నుదుటి భాగానికీ తల వెనక భాగాలకూ మధ్య తీటా పొందిక పెరిగింది. ఆ తరువాత వేరువేరు పనులతో, వేరువేరు కొలతలతో ఎంతోమంది చూసినప్పుడు కూడా, జ్ఞాపకానికి బరువు పెరిగే కొద్దీ నుదుటి నడిమి తీటా బలపడటం, అది దూరపు భాగాలతో ముడిపడటం మళ్లీ మళ్లీ కనిపించింది. 2005లో పాస్కల్ ఫ్రీస్ దీనికి ఒక కారణం ప్రతిపాదించాడు. నాడీకణాల గుంపు ఊగుతున్నప్పుడు ఒక దశలో సంకేతాన్ని సులువుగా అందుకుంటుంది, మరో దశలో అందుకోదు. పంపే గుంపు, అందుకునే గుంపు లయ కలుపుకుంటేనే సంకేతం చేరుతుంది. సిద్ధాంతం బాగుంది, దాని మీద చర్చ ఇంకా నడుస్తోంది.

లయ కలవడం పనికి కారణమా, పనితో పాటు వచ్చే నీడా అన్నది తేలాలంటే లయను మనమే మార్చి చూడాలి. 2019లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రైన్‌హార్ట్, జాన్ న్గుయెన్ అదే చేశారు. 60 నుంచి 76 ఏళ్ల వాళ్లలో నుదుటి భాగానికీ కణత వెనక భాగానికీ మధ్య తీటా లయ యువకుల్లో కంటే బలహీనంగా ఉందని ఈఈజీతో గమనించారు. ఒక్కొక్కరి లయకు సరిపడే స్వల్ప విద్యుత్తును నెత్తి మీద నుంచి 25 నిమిషాలు పంపారు. లయ కుదిరింది, బొమ్మలు గుర్తుపెట్టుకునే పనిలో వాళ్లు ఇరవైల్లో ఉన్నవాళ్ల స్థాయికి వచ్చారు, గమనించిన 50 నిమిషాలూ ఆ ఫలితం నిలిచింది. అయితే పైనుంచి పంపే విద్యుత్తులో ముప్పావు వంతు చర్మం, పుర్రె దగ్గరే ఆగిపోతుందని మృతదేహాల మీద చేసిన కొలతలున్నాయి. 50 నిమిషాల మెరుగుదలకు, రోజువారీ జీవితంలో మతిమరుపు తగ్గడానికి మధ్య దూరం చాలా ఉంది. తాతగారికి ఆన్‌లైన్‌లో ఓ యంత్రం కొనేద్దామనుకునేవాళ్లు ఆగాలి.

ఇంకొక హద్దు గట్టిగా చెప్పుకోవాలి. ఈ ఫలితాలన్నీ గుంపుల సగటు మీద వచ్చినవి. అల్జీమర్స్ ఉన్నవారి గుంపులో ఆల్ఫా, బీటా పొందిక తగ్గినట్టు స్టామ్ బృందంతో సహా పలువురు చూపించారు. కానీ ఆరోగ్యవంతుల విలువలు, రోగుల విలువలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఒక్క మనిషి ఈఈజీలో పొందిక అంకె చూసి, ఇతనికి జబ్బుంది, ఇతని తెలివి ఇంత అని చెప్పే స్థితికి ఈ శాస్త్రం రాలేదు.

మన దేశం ఈ గీత దాటిన సందర్భం ఒకటుంది. ‘బ్రెయిన్ మ్యాపింగ్’ పేరుతో నిందితుల తలకు ఎలక్ట్రోడ్లు తగిలించి, నేరం గురించిన మాటలు వినిపించి, తరంగాలను బట్టి అనుభవం ఉందో లేదో తేల్చే పరీక్షలు వచ్చాయి. 2008లో పుణె కోర్టు ఒక హత్య కేసులో శిక్ష వేస్తూ అలాంటి పరీక్షను కూడా పరిగణనలోకి తీసుకుంది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఇష్టానికి వ్యతిరేకంగా ఈ పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ పరీక్షలు కొలిచేది భాగాల మధ్య పొందికను కాదు, వేరే రకం సంకేతాన్ని. పొరపాటు మాత్రం ఒకే జాతిది: గుంపుల్లో కనిపించిన తేడాను ఒక్క మనిషి నెత్తిన రుద్దడం.

బలవంతపు పరీక్షలకు కోర్టుల్లో తలుపు మూసుకున్నా బజారులో తెరిచే ఉంది. ఎవరైనా మీ పిల్లాడి తలకు టోపీ తగిలించి, పావుగంట తరువాత రంగు గీతలతో నిండిన మెదడు బొమ్మ చేతిలో పెట్టి, ఇదిగో వీడికి ఈ భాగానికీ ఆ భాగానికీ కనెక్షన్ తక్కువగా ఉంది, మా శిక్షణలో చేర్పించండి అంటే, డబ్బు కట్టే ముందు ఒక్కటి అడగండి. ఇదే పిల్లాడికి రేపు మళ్లీ తీస్తే ఇదే బొమ్మ వస్తుందా? కాగితం మీద రాసిస్తారా? మూర్ఛ, నిద్ర సమస్యల కోసం న్యూరాలజిస్టు రాసిన ఈఈజీని మాత్రం ఈ అనుమానంతో వాయిదా వేయకండి, అది నమ్మదగిన పరీక్ష.